ముల్లు చూపిన లెక్క: పాత టెక్నాలజీ థ్రిల్లర్లు డెల్టాలో ఇప్పుడు చూస్తే

1995 జూలై 28న అమెరికాలో 'ది నెట్' విడుదలైంది. సాండ్రా బుల్లక్ నాయిక. గుమ్మం దాటకుండా కంప్యూటర్ మీదే పని చేసుకుంటూ, కంప్యూటర్ మీదే పిజ్జా తెప్పించుకునే అమ్మాయి కథ. ఒక ఫ్లాపీ డిస్కు ఆమె చేతికి వచ్చిన పాపానికి కొందరు ఆమె పేరు, ఇల్లు, ఉద్యోగం అన్నీ రికార్డుల్లోంచి తీసేసి, పోలీసు కేసులున్న మరో పేరు తగిలిస్తారు. సినిమా వచ్చిన మూడు రోజులకు, జూలై 31న, మన దేశంలో మొదటి మొబైల్ కాల్ మోగింది. ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టింది, అదీ కొన్ని పెద్ద నగరాల్లో.

గోదావరి డెల్టాలో ఆ ఏడాది యంత్రాల గురించి జనం చెప్పుకున్న కథ వేరు. జనవరి 8న పాశర్లపూడిలో చమురు సంస్థ ఓఎన్‌జీసీ తవ్విన 19వ నంబరు బావి బ్లోఅవుట్ అయింది, అంటే లోపలి గ్యాసు అదుపు తప్పి పైకి ఎగదన్నింది. 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. విదేశాల నుంచి నిపుణులు వచ్చి ఆర్పాల్సి వచ్చింది. కొబ్బరితోటల మధ్య అంత మంట లేస్తుంటే ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు, భూమిలోపలి ఒత్తిడి ఎంతో ఎవరు చూస్తున్నారు, చూసినవాళ్లు ఎవరికి చెప్పారు అన్నవే అసలు ప్రశ్నలు.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. పాత టెక్నాలజీ థ్రిల్లర్లు ఇప్పటి ప్రేక్షకుడి ముందు నిలబడతాయా అని అడిగితే, సాధారణంగా సామాను చూసి తీర్పు చెబుతారు. ఫ్లాపీ పోయింది, మోడెమ్ పోయింది, కనుక సినిమా కూడా పోయింది అంటారు. ఆ కొలత సరిపోదు. యంత్రం చూపించే లెక్కకీ, లోపల నిజంగా జరుగుతున్నదానికీ మధ్య ఎడం ఉంటుంది. దాన్ని చదవాల్సినవాడు మనిషి. ఆ మనిషిని పట్టుకున్న సినిమాలు నలభై ఏభై ఏళ్లయినా ఊపిరి బిగబట్టిస్తున్నాయి. యంత్రాన్ని మంత్రదండం చేసినవి పదేళ్లు తిరక్కుండానే కామెడీ అయ్యాయి. గేజీలు, లాకులు, గ్యాసు బావులు, రొయ్యల చెరువుల మధ్య బతికే డెల్టా ప్రేక్షకుడు ఈ తేడాను నగరవాసి కంటే త్వరగా పసిగడతాడని చెప్పడానికి చాలా ఆధారాలున్నాయి.

ముందు నవ్వొచ్చేవాటి సంగతి తేల్చేద్దాం. 'ది నెట్'లో తెర మీద కనిపించే ఒక ఐపీ అడ్రసులో, అంటే నెట్‌లో కంప్యూటర్‌కుండే నంబరు చిరునామాలో, 748 అన్న అంకె ఉంటుంది. అందులో ఏ భాగమూ 255 దాటకూడదు. అమెరికా సినిమాల్లో ఫోన్ నంబర్లకు 555 వాడినట్టు, ఎవరి అడ్రసూ కాకూడదని కావాలనే అలా పెట్టారేమో. ఏమైనా భీమవరంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి అక్కడ నవ్వు ఆగదు. 1998 నాటి 'ఎనిమీ ఆఫ్ ది స్టేట్'లో దుకాణంలోని కెమెరా తీసిన దృశ్యాన్ని కంప్యూటర్‌లో గిర్రున తిప్పి, కెమెరాకు కనపడని వైపు ఏముందో చూస్తారు. కెమెరా చూడనిదాన్ని ఏ కంప్యూటరూ చూపలేదు, మహా అయితే ఊహించి బొమ్మ గీస్తుంది. ఇక మన సినిమాల్లో విలన్ డెన్‌లో వరసగా వెలిగి ఆరే ఎర్రబల్బులు, చక్రాల మీద తిరిగే టేపులు ఉండేవి. 1966లో కృష్ణ 'గూఢచారి 116' చేసిన దగ్గర్నుంచీ అదొక సరదా. దాన్ని సరదాగానే చూడాలి, లెక్కలు అడగకూడదు.

అయితే నవ్వును నమ్ముకోవడంలోనూ ఒక చిక్కుంది. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్'లో ఒక పాప కంప్యూటర్ ముందు కూర్చుని, ఇది యూనిక్స్ సిస్టమ్, నాకు తెలుసు అంటుంది. తెర మీద దిమ్మల్లాంటి బొమ్మల మీదుగా ఎగురుతూ ఫైళ్లు వెతుకుతుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసి కంప్యూటర్ తెలిసినవాళ్లే ఎక్కువ నవ్వారు. తీరా చూస్తే అది సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తయారుచేసిన నిజమైన సాఫ్ట్‌వేర్. కల్పించిందేమీ లేదు. అదే సినిమాలో ఎవరూ నవ్వకుండా దాటేసిన అసలు విషయం మరొకటుంది. కోట్లు పోసి కట్టిన పార్కు తాళాలన్నీ, జీతం చాలదని కుమిలిపోతున్న ఒకే ఒక్క ప్రోగ్రామర్ చేతిలో ఉంటాయి. ఏ ఆఫీసులోనైనా కంప్యూటర్ ఆగిపోతే 'ఆ అబ్బాయి వస్తేగానీ అవ్వదండీ' అన్న మాట వినని డెల్టావాసి ఉండడు.

ఇక నిలిచిన సినిమాలు. 1983 జూన్ 3న వచ్చిన 'వార్‌గేమ్స్' పేరు ముందు చెప్పాలి. సియాటిల్‌లో బడికెళ్లే కుర్రాడు, కొత్త వీడియోగేమ్‌లు దొంగతనంగా ఆడాలని, టెలిఫోన్ రిసీవర్‌ను మోడెమ్ మీద బోర్లించి, ఒక ప్రాంతంలోని నంబర్లన్నిటికీ వరసగా డయల్ చేయిస్తాడు. ఒక చోట కంప్యూటర్ పలుకుతుంది. అది ఆటల కంపెనీ అనుకుంటాడు. నిజానికి అమెరికా అణ్వాయుధాలను నడిపే యంత్రం. ఆట మొదలుపెడతాడు, యంత్రం దాన్ని ఆట అనుకోదు.

అతడి ముందున్న కంప్యూటర్ ఇవాళ మ్యూజియంలో ఉండాల్సిన పెట్టె. కానీ ఈ సినిమాలో దాడి జరిగే తీరు ఏమాత్రం పాతబడలేదు. కుర్రాడు బడి కంప్యూటర్లోకి దూరి మార్కులు దిద్దేది గొప్ప లెక్కలు కట్టి కాదు. ఆఫీసు బల్ల దగ్గర కాగితం మీద పాస్‌వర్డులు వరసగా రాసి ఉంటాయి, అవి చూసి. పెద్ద యంత్రం తలుపు తెరుచుకునేది కూడా దాన్ని రాసిన శాస్త్రవేత్త చనిపోయిన కొడుకు పేరుతో. ఈనాటి సైబర్ నేరాల చర్చంతా ఈ రెండు సీన్లలో ఉంది. మానిటర్ అంచున పాస్‌వర్డ్ చీటీ అతికించుకోవడం, పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ తాళాలుగా వాడటం ఇప్పటికీ పోలేదు.

అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఈ సినిమాను విడుదలైన వారంలోనే క్యాంప్ డేవిడ్‌లో చూశాడు. కొద్దిరోజులకు వైట్‌హౌస్ సమావేశంలో, ఇలా నిజంగా జరుగుతుందా అని సైన్యాధిపతుల్లో పెద్దవాడైన జనరల్ వెస్సీని అడిగాడు. ఆయన కనుక్కుని వచ్చి, పరిస్థితి మీరనుకునేదానికంటే అధ్వానంగా ఉందని చెప్పాడు. ఆ ప్రశ్న వెంట సాగిన పనే 1984 సెప్టెంబరులో కంప్యూటర్ల భద్రత మీద అధ్యక్షుడి ఆదేశంగా బయటికొచ్చింది. ఒక వేసవి సినిమా ప్రభుత్వం చేత కాగితం కదిలించడం అరుదు.

దానికన్నా గట్టి సాక్ష్యం అవతలి వైపు నుంచి వచ్చింది. సినిమా వచ్చిన 1983లోనే, సెప్టెంబరు 26వ తేదీన, సోవియట్ హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ ముందు అమెరికా క్షిపణులు వస్తున్నాయని యంత్రం గంట మోగించింది. ఉపగ్రహం చెప్పిన లెక్క ప్రకారం అయిదు క్షిపణులు. యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదే పంపుతాడా అని అతడికి అనుమానం వచ్చింది. తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకు చెప్పాడు. మేఘాల మీద ఎండ మెరిసిన తీరును యంత్రం క్షిపణులుగా లెక్కేసిందని తర్వాత తేలింది. 'వార్‌గేమ్స్' మొదటి సీనులో అచ్చం ఇలాంటి మనిషే ఉంటాడు. క్షిపణి వదలమని ఆదేశం వస్తే, ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడకుండా తాళంచెవి తిప్పనని మొండికేస్తాడు. అది కసరత్తు అని తేలాక, మనుషులు ఇలా మొరాయిస్తారు కనుక వాళ్లను తప్పించి యంత్రాన్ని పెడదామని పెద్దలు తీర్మానిస్తారు. సినిమాలో అసలు తప్పు అక్కడ జరిగింది, కుర్రాడి ఇంట్లో కాదు. కృత్రిమ మేధకు ఏ నిర్ణయాలు అప్పగించాలి అని దేశాలన్నీ తర్జనభర్జన పడుతున్న ఇప్పటి రోజుల్లో ఆ సీను చూస్తే, దాన్ని 1983లో తీశారంటే నమ్మడం కష్టం.

ముగింపులో యంత్రం తనతో తానే ఇంటూ-సున్నా ఆట వేల సార్లు ఆడుకుని, ఎవరూ గెలవలేరని నేర్చుకుంటుంది. అప్పట్లో అది పిల్లల కథలా కనిపించింది. 2017లో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రాం తనతో తానే ఆడుకుని చదరంగం నేర్చుకున్నాక ఆ విమర్శ వీగిపోయింది.

'వార్‌గేమ్స్' కంటే కూడా డెల్టాకు దగ్గరైన సినిమా 'ది చైనా సిండ్రోమ్'. 1979 మార్చి 16న విడుదలైంది. కంప్యూటర్లు దాదాపు లేవు. ముళ్లు తిరిగే గేజీలు, దీపాల పలకలు, కాగితం మీద గీతలు గీసే పెన్నులు ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రంలో టీవీ విలేకరి బృందం ఉండగా చిన్న కుదుపు వస్తుంది. రియాక్టర్‌ను చల్లబరిచే నీటిమట్టం మరీ పెరిగిపోయిందని ఒక ముల్లు చూపిస్తుంటుంది. సిబ్బంది నీరు తగ్గించే పనిలో పడతారు. జాక్ లెమన్ వేసిన షిఫ్టు అధికారి ఎందుకో అనుమానమొచ్చి గేజీ మీద వేలితో తడతాడు. ఇరుక్కున్న ముల్లు జారి కిందికి పడిపోతుంది. నీరు ఎక్కువ కాదు, ప్రాణం మీదికొచ్చేంత తక్కువ.

ఆ వేలితో తట్టే క్షణం కోసమే ఈ సినిమా చూడొచ్చు. ఛేజ్‌లు లేవు, బాంబు మీద సెకన్లు లెక్కపెట్టే గడియారం లేదు. ఒక మనిషి, ఒక అద్దం బిళ్ల, దాని వెనక ఇరుక్కున్న ముల్లు.

సినిమా వచ్చిన 12 రోజులకు, మార్చి 28న, పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. అక్కడ ఒక వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. పలక మీద దీపం మాత్రం మూసుకున్నట్టే చూపించింది. ఎందుకంటే ఆ దీపం చెప్పేది వాల్వు మూసుకుందని కాదు, మూసుకోమని ఆదేశం వెళ్లిందని. సిబ్బంది దీపాన్ని నమ్మారు. నీరు ఎక్కువైందనుకుని అత్యవసరంగా పంపాల్సిన నీటిని తగ్గించారు. రియాక్టర్ గర్భం కొంతమేర కరిగింది. సినిమా రచయితలు జోస్యం చెప్పలేదు. అలాంటి కేంద్రాల్లో గేజీలు మోసం చేసిన ఉదంతాలు అప్పటికే ఉన్నాయి, వాటిని శ్రద్ధగా చదివారు.

ఇప్పుడు ఇదే సినిమాను ధవళేశ్వరం ఆనకట్ట కింద బతికేవాళ్ల కళ్లతో చూడాలి. ఇక్కడ వరదంటే మూడు అంకెలు. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువన భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. జూలై, ఆగస్టుల్లో లంకల్లో పిల్లాడిని అడిగినా ఈ లెక్కలు చెబుతాడు. భద్రాచలంలో ఇంత ఉంటే ధవళేశ్వరానికి ఎప్పటికి ఎంత వస్తుంది, కాజ్‌వే ఎప్పుడు మునుగుతుంది, పశువులను గట్టు మీదికి ఎప్పుడు తోలాలి అన్నది ఇంటింటి గణితం. 1986 ఆగస్టులో ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లిన వరదను చూసినవాళ్లకు అంకె మీద నమ్మకమూ ఉంది, అనుమానమూ ఉంది. అధికారి హెచ్చరిక ప్రకటించినా ఏటిగట్టు దగ్గర పాతిన పుల్ల ఎంత మునిగిందో చూసుకుని వచ్చేదాకా పెద్దవాళ్లకు తోచదు. గేజీ మీద వేలితో తట్టడమంటే ఇదే.

ఆక్వా చెరువుల కాడ ఈ సంగతి మరింత పదునుగా ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్య సాగు చేసే రైతుకు తెల్లవారుజామే గండం. రాత్రంతా నీటిలోని ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. రెక్కలతో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుండాలి. కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి. ఇప్పుడు మొబైల్ స్టార్టర్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, నీటిలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, ఎంతుందో ఫోనుకు పంపే పరికరాలూ వచ్చాయి. అయితే నీటిలో ఉన్న ప్రోబ్ మీద పాచి పట్టిందంటే అది చూపే అంకెకు విలువ లేదు. ఫోనులో అంతా బాగానే ఉంటుంది, చెరువులో రొయ్య తేలిపోతుంటుంది. మోటారు ఆన్ అయిందని మెసేజ్ వచ్చినంత మాత్రాన చెరువులో రెక్క తిరుగుతోందని కాదు. స్టార్టర్‌కు ఆదేశం అందింది, అంతవరకే. త్రీ మైల్ ఐలాండ్ దీపం చెప్పిన అబద్ధమూ సరిగ్గా ఇదే. అందుకే అనుభవమున్న రైతు ఫోను చూసి పడుకోడు, కాపలావాడికి ఫోన్ చేసి రెక్కల చప్పుడు వినిపించమంటాడు.

ఇలాంటి ప్రేక్షకుడికి 'ది చైనా సిండ్రోమ్'లో విసుగు పుట్టించే భాగమంటూ ఉంటే అది టీవీ స్టేషన్ రాజకీయం. కంట్రోల్ రూమ్‌లోకి కథ వచ్చిందంటే మాత్రం చూపు తిప్పుకోలేడు. సినిమా రెండో సగంలో, పైపుల అతుకులకు తీసిన ఎక్స్‌రేలు దొంగవని షిఫ్టు అధికారి కనిపెడతాడు. ఒకే ఫోటోను మళ్లీ మళ్లీ వాడి తనిఖీ పూర్తయినట్టు సంతకాలు చేశారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయిన నేల ఇది. పైపు గోడ సంగతి కాగితం ఒకటి చెబితే భూమి ఇంకొకటి చెప్పగలదన్న పాఠం ఇక్కడ సినిమా నేర్పాల్సిన అవసరం లేదు.

మూడో రకం సినిమాలు వినడం గురించినవి. 1974 నాటి 'ది కన్వర్సేషన్' వీటిలో పెద్దది. జీన్ హాక్‌మన్ ఇతరుల మాటలు రహస్యంగా రికార్డు చేసే నిపుణుడు. రద్దీగా ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో కూడలిలో నడుస్తూ మాట్లాడుకుంటున్న జంట గొంతులను అనేక మైకులతో పట్టి, టేపులు కలిపి, వాయిద్యాల హోరు తీసేసి ఒక్కో మాట తేటగా రాబడతాడు. సినిమాలో సగం అతడు టేపు వెనక్కి తిప్పి మళ్లీ వినడమే. ఈతరం ప్రేక్షకుడు ఇక్కడే సినిమా ఆపేస్తాడని అనుకుంటాం. కొందరు ఆపేస్తారు కూడా.

కానీ టేపు తిరగేసి వినడం ఈ ప్రాంతానికి అలవాటైన పని. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లినవాళ్లు ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాటలు నింపి పంపిన కాలం ఉంది. పిల్లల పేర్లు పిలిచి, డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పి, మధ్యలో ఆగిపోయి, గొంతు సవరించుకున్న క్యాసెట్లు. బాగానే ఉన్నానని అన్న గొంతులో బాగు ఎంతుందో పట్టడానికి ఇంట్లో తల్లి అదే ముక్క పదిసార్లు తిప్పించి వినేది. 'ది కన్వర్సేషన్' కథంతా అదే. టేపు తప్పు చెప్పలేదు, ప్రతి మాటా అచ్చుగుద్దినట్టు పట్టింది. విన్న మనిషి ఆ మాటల మీద తన భయాన్ని కప్పి అర్థం చేసుకున్నాడు. అమెరికాలో దొంగచాటు రికార్డింగుల వాటర్‌గేట్ కుంభకోణం రొద మధ్య విడుదలవడం వల్ల దాన్ని రాజకీయ సినిమాగా చదివారు గానీ, ఇప్పుడు రాజకీయం పలచబడి ఆ ఒంటరి వినికిడి మిగిలింది. ఈ జాబితాలో అన్నిటికన్నా తక్కువగా పాతబడిన సినిమా ఇదే. ఫోన్ కాల్ రికార్డింగుల మీద ఊళ్లో పంచాయతీలు నడిచే కాలంలో మరీను.

'ఎనిమీ ఆఫ్ ది స్టేట్'లో హాక్‌మన్ మళ్లీ అలాంటి పాత్రే వేశాడు. అందులో అతడి పాత ఫైల్లో కనిపించే ఫోటో 'ది కన్వర్సేషన్' లోనిదే. ఉపగ్రహం మనిషిని నడినెత్తి నుంచి వెంటాడి చూడటం ఆ సినిమాలో బూటకం. ప్రభుత్వ సంస్థ లక్షల మంది ఫోన్ వివరాలు మూకుమ్మడిగా పోగేస్తుందన్న అనుమానం మాత్రం 2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో నిజమైంది. పరికరం అబద్ధం, దాన్ని వాడే ఉద్దేశం నిజం. చాలా పాత థ్రిల్లర్లు ఈ కోవలోకే వస్తాయి.

1992 నాటి 'స్నీకర్స్' దీనికి తిరగబడిన రకం. పరికరాలూ సరిగ్గానే ఉంటాయి, మనుషులూ సరిగ్గానే ఉంటారు. 'వార్‌గేమ్స్' రాసిన లాస్కర్, పార్క్స్ ద్వయమే దీనికీ రచయితలు. డబ్బు తీసుకుని బ్యాంకుల భద్రతను పరీక్షించే ముఠా చేతికి, ఏ రహస్య సంకేతాన్నైనా విప్పే పెట్టె ఒకటి వస్తుంది. బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్ఎస్ఏ పద్ధతి కనిపెట్టిన ముగ్గురిలో ఒకడైన లియొనార్డ్ ఆడిల్‌మన్ ఇందులో గణిత ఉపన్యాసం సీనుకు సాయం చేశాడు. అందుకే ఆ సీను ఇప్పటికీ లెక్కలు తెలిసినవాళ్ల ముందు పరువు పోగొట్టుకోదు. మరో సీనులో కారు డిక్కీలో పడేసి తీసుకెళ్లిన మనిషి చేత, దారిలో ఏమేం చప్పుళ్లు విన్నాడో చెప్పించి, కళ్లు లేని నిపుణుడు ఏ వంతెన దాటారో తేలుస్తాడు. రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన మీద బస్సులో కునుకు తీసినవాళ్లకు ఈ సీను విడమరచి చెప్పక్కర్లేదు, అతుకు అతుకుకీ పడే చప్పుడే ఎక్కడున్నామో చెబుతుంది.

అందులో గొంతే తాళంగా ఉన్న తలుపు ఉంటుంది. ముఠాలోని అమ్మాయి, ఆ తలుపు దాటే హక్కున్న ఉద్యోగిని విందుకు పిలిచి, కావలసిన ఒక్కో మాటా అతడి చేత మాటల్లో పెట్టి పలికిస్తుంది. ఆ ముక్కలు అతికించి తలుపు దగ్గర వినిపిస్తారు. 1992లో అది గంట సేపటి నాటకం. ఇప్పుడు కొద్ది సెకన్ల గొంతు దొరికితే ఏఐ ఎంత మాటైనా పలికిస్తుంది. కొడుకు గొంతుతో ఫోన్ చేసి యాక్సిడెంట్ అయింది, డబ్బు వెయ్యమని అడిగే మోసాలు వచ్చాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే మిగిలిన పెంకుటిళ్లు, డాబాలు డెల్టాలో బోలెడు. ఆ ఇళ్లకు ఈ సీను వినోదం కాదు.

వెనక్కి తిరిగి చూస్తే ఈ సినిమాలన్నీ కలిసి ఒక అంచనా తప్పాయి. ప్రమాదం ఎక్కడో కొండ కింద తవ్విన కంట్రోల్ రూమ్‌లో, గోడ నిండా తెరలున్న చోట పుడుతుందనుకున్నాయి. అది చేతిలోని ఫోన్‌కే వచ్చింది, అదీ మర్యాదగా. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లోకి వచ్చి, మీ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటొద్దు అంటాడు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని బ్యాంకుల్లో బోర్డులున్నాయి. 'ది నెట్'లోని అమ్మాయి పేరును రికార్డుల్లోంచి చెరిపేశారు. ఇక్కడ రికార్డుల్లో ఉన్న పేరు, ఆధార్ నంబరు అన్నీ సరిగ్గా చదివి వినిపించి మరీ భయపెడతారు. చెరిపేయడం కంటే ఇది చవకైన పని.

'ది నెట్' కథకు ఇంకో ఊతం ఉంది, అది డెల్టాలో అసలు నిలవదు. నాయిక ఎవరో చెప్పగలిగిన మనుషులు దాదాపు ఉండరు. పొరుగువాళ్లకు ఆమె ముఖం తెలియదు, తల్లికి మతిమరుపు. పాలకొల్లులోనో ముమ్మిడివరంలోనో కథ పెడితే మొదటి రీలులోనే అయిపోతుంది. 'ఫలానావారి మనవరాలు కదూ' అని సందు మొదట్లోనే ఎవరో అంటారు. ఇది ఇక్కడివాళ్ల గొప్ప కాదు, ఆ కథకు పట్టణపు ఏకాంతం కావాలి అంతే. అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న ఇదే ఊరి అమ్మాయికి ఆ సినిమా వెంటనే తగులుతుంది.

పాత థ్రిల్లర్లలో నిజంగా పాతబడినది అందుబాటు. కబురు అందకపోవడం మీదే ఆ కథల్లో ఉత్కంఠంతా నడిచేది. ఫోన్ బూత్ కోసం పరుగు, చిల్లర లేకపోవడం, అవతల ఎత్తకపోవడం. ఇప్పటి కుర్రాళ్లకు, ఒక మెసేజ్ పెడితే పోయేదిగా అనిపిస్తుంది. డెల్టాలో ఆ కాలం మరీ దూరంగా లేదు. రేవులో పంటు అవతలి గట్టుకు వెళ్లిపోతే ఎంత తొందరున్నా ఇవతల నిలబడాల్సిందే. 1996 నవంబరు 6 తుపానుకు వేటకు వెళ్లిన పడవలెన్నో తిరిగి రాలేదు. సముద్రం మీద ఉన్నవాడికి కబురు చెప్పే దారి అప్పట్లో లేదన్నంత తక్కువ. ఎస్టీడీ బూత్‌లో మీటర్ మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే మాటలు మింగేసిన తరానికి ఫోన్ బూత్ సీన్లలో ఉద్వేగం ఇట్టే ఎక్కుతుంది.

కొత్తతరానికీ ఒకసారి రుచి తెలిసింది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి పని చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ ఉన్న పొరుగు ఊళ్లకు వెళ్లారు. ఫోన్‌పే లేక చిల్లర వెతుక్కున్నారు. కబురు అందని కథలను అర్థం చేసుకోవడానికి అంతకు మించిన శిక్షణ ఉండదు, కోరుకోదగినది కాకపోయినా.

తెలుగులో ఈ పాఠాన్ని బాగా వంటబట్టించుకున్నది 2014 నాటి 'దృశ్యం'. మలయాళం నుంచి వచ్చిన కథ. కేబుల్ టీవీ నడుపుకునే నాయకుడు, చనిపోయిన కుర్రాడి సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి దూరం వెళ్లే లారీలోకి విసిరేస్తాడు. టవర్ సిగ్నల్ చూసి పోలీసులు లారీ వెంట పడతారు. సిమ్ ఎక్కడుందో యంత్రం కరెక్టుగానే చెప్పింది, మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు. గేజీ ముల్లును చేత్తో వంచేసినట్టు. ఫోన్ మోడళ్లు మారినా ఈ ఎత్తు పాతబడలేదు.

2018లో విశాల్ 'అభిమన్యుడు' తెలుగులోకి వచ్చింది. బ్యాంకు లోను డబ్బు ఖాతాలో పడీ పడకముందే మాయమవుతుంది, జనం వివరాలు పోగేసిన ముఠా దాని వెనక ఉంటుంది. అందులో హ్యాకర్ డెన్, నీలిరంగు తెరలు ఇప్పటికే పాత వాసన కొడుతున్నాయి. లోను రాదని తెలిసి ఏజెంట్ దగ్గరికి వెళ్లి, లేని కాగితాలు పుట్టించుకుని, ఆ తప్పు వల్లనే ఫిర్యాదు చేయలేక నోరు నొక్కుకునే కుటుంబం సీన్లు మాత్రం నిన్న తీసినట్టున్నాయి. తణుకులోనో రావులపాలెంలోనో ఇదే సినిమా టీవీలో వస్తే, జనం హ్యాకర్ వచ్చినప్పుడు టీ పెట్టుకోవడానికి లేచి, ఏజెంట్ వచ్చినప్పుడు తిరిగొచ్చి కూర్చుంటారు.